అట్ట వాపసు

హైదరాబాద్, ఆబిడ్స్
జూన్ 18

బామ్మర్ది క్రాంతికి,

వందనాలు. నువ్వు దేవుణ్ని నమ్మకపోయినా తీసుకో, వాటితో నీకు నష్టమేం లేదు.

ఫోన్ చేయొచ్చు కదా, ఉత్తరమేంది అంటవు. ఫోన్ల నువ్వు మొదలుపెడితే నా మాట మధ్యలనే సచ్చిపోతది. కాగితం మీదనైతే నన్ను ఆపేటోడు లేడు. పైగా మీ ఇప్పలగుంపుల సిగ్నల్ దొరకాలంటే నువ్వు గుట్టెక్కాలె. యాభై ఒక్క ఏండ్ల వయసుల నువ్వు గుట్ట మీద నుంచి జారితే మీ అక్క నన్ను తిడతది.

ఈ కట్టల అరవై కామిక్స్ ఉన్నయి, మీ బడి పిల్లలకు. ఈస్టర్‌కు వచ్చినప్పుడు నా దుకాణంల నిలబడి గొడవ పెట్టుకున్నవు కదా. నలభై ఏండ్ల మగోళ్ళు బొమ్మల పుస్తకాలు కొని, ప్లాస్టిక్ తొడుగు కూడా ఇప్పకుంట బీరువల దాచుకుంటరు, మా అడవి పిల్లలేమో పాఠ్యపుస్తకం తప్ప ఇంకో బొమ్మ చూడలేదంటివి. నీ గొంతుకు గిరాకి ఒకాయన బయటికే పోయిండు. కానీ ఆ మాట నాకు తగిలింది. ఇరవై మూడేండ్ల సంది ఇవే అమ్ముతున్న, నాకు ఆ ఆలోచనే రాలె.

రెండు సంగతులు. వీటికి అట్టలు లేవు, ఎందుకు లేవని అడగకు. రెండోది, ఇవి ఎక్కడి నుంచి వచ్చినయో ఎవరికీ చెప్పకు. ముఖ్యంగా రాయకు. నీకు ఏ ముచ్చట చెప్పినా అది ఆదివారం నాటికి వ్యాసమైతది.

మీ అక్క మహిమ మామిడికాయ తొక్కు డబ్బా పెట్టింది. భద్రాచలం బస్టాండు కార్గోల తీసుకునేటప్పుడు కట్టను నిటారుగ పట్టుకో, నూనె కారతది.

నీ బావ
ప్రభు


ఇప్పలగుంపు, దుమ్ముగూడెం మండలం
జూలై 3

బావా,

తొక్కు అందింది. పుస్తకాలు కూడా అందినయి. అయితే వాటిని పుస్తకాలు అనొచ్చునా అన్నది నా మొదటి ప్రశ్న.

కట్ట ఇప్పంగనే కడుపు మండింది. అరవైకి అరవై, అట్ట లేదు. వాడి వాడి ఊడిపోతే అర్థం చేసుకుందును. ఇవి చింపినవి. ఎవరో తీరిగ్గ కూర్చొని ఒక్కొక్క దాని మొఖం పీకినట్టున్నది. అడగొద్దన్నవు, అడగను. నా అభిప్రాయం చెప్పకుంట మాత్రం ఆపలేవు. గోదారి పొంగినప్పుడల్లా పట్నం నుంచి మాకు లారీలల్ల బట్టలొస్తయి. గుండీలు లేని చొక్కాలు, జిప్పు పోయిన ప్యాంట్లు. ఒకసారైతే పెండ్లికొడుకు షేర్వానీ వచ్చింది, అది వేసుకొని మా సమ్మయ్య మిరప చేన్ల పనికి పోయిండు. ఇచ్చినోడు ఫోటో దిగి ఇంటికి పోతడు, తీసుకున్నోడు గుండీ కుట్టుకుంటడు. దానం అనేది పైనుంచి కిందికి జారే చెత్తకు పెట్టుకున్న ముద్దుపేరు బావా. అట్ట ఉన్న పుస్తకం పట్టుకునే యోగ్యత మా పిల్లలకు లేదని ఎవరు తీర్మానం చేసిన్రు?

ఇగ జరిగింది చెప్త. అబద్ధం చెప్పను, పిల్లలు ఎగబడ్డరు. ముప్పై ఒక్క మంది. అన్నం గంట కొట్టినా ఒక్కడు లేవలె. వంట చేసే ముత్తక్క గరిటె పట్టుకొని తిట్టుకుంట వచ్చింది. వచ్చినామె దుర్గ అనే పిల్ల చేతుల పుస్తకం గుంజుకొని, అటు తిప్పి ఇటు తిప్పి, "ఇది యాడ మొదలైతది సారూ?" అని అడిగింది. ముత్తక్క వంటకు తప్ప బడి మొఖం చూసిన మనిషి కాదు. బొమ్మల వెంట వేలు పెట్టుకుంట చివరిదాక పోయింది. ఆ రోజు పప్పు మాడింది.

తెల్లారి ఆమె పాత ఎలక్షన్ పోస్టర్లు ఒక చుట్ట, దబ్బనం, ఎర్ర దారం తెచ్చుకున్నది. పోస్టర్ల వెనక తెల్ల పక్క బయటికి వచ్చేటట్టు మడిచి, పుస్తకానికొక అట్ట కుట్టుడు మొదలుపెట్టింది. తోలు లేకుంట ఏ జీవమన్న బతుకుతదా అని నన్నే అడిగింది. ఆ పోస్టర్లు ఇన్నేండ్లకు ఒక పనికొచ్చినయి.

అట్ట మీద బొమ్మ గీసేది పిల్లలు. దానికి ముత్తక్క ఒక కానూను పెట్టింది. గీయాలనుకున్నోళ్ళు ముందు ఆమెకు కథ మొత్తం చెప్పాలె. ఆమెకు నచ్చేదాక చెప్పాలె. సగం కోయల, సగం తెలుగుల రోజూ పంచాయితీ. దుర్గ ఐదో తరగతి. ఆకాశంల ఎగిరే వీరుని పుస్తకానికి ఆమె వీరుణ్ని గీయలె, ఇటుకలు మోసే మనుషులను గీసింది. వీరుడేడమ్మా అంటే, "ఆయన వచ్చిండు, పోయిండు సార్. గోడ కట్టింది వీళ్ళే" అన్నది. ముప్పై ఏండ్లు నేను మీటింగులల్ల గొంతు చించుకున్న మాట అది.

ఇంకో కట్ట పంపు. అట్టలతో పంపు.

క్రాంతి


హైదరాబాద్
జూలై 24

ముద్దుల బామ్మర్దికి,

రెండో కట్ట వేసిన, అట్టలు లేకుంటనే. మూడోది వచ్చే నెల.

నీ ఉపన్యాసం మహిమకు చదివి వినిపించిన. "కొత్తగూడెం క్వార్టర్లల్ల ఉన్నప్పుడు అమ్మ క్రిస్మస్‌కు కుట్టించిన చొక్కా కూడా, ఇది అక్క పరికిణి గుడ్డ అని తొడగనన్నడు. వానికి పుట్టుకతోనే వచ్చింది" అన్నది. నవ్వినం. తిట్టినా నువ్వే కావాలె మాకు.

దుర్గ ముచ్చట మాత్రం నన్ను కూర్చోనియ్యలె. ఆ పుస్తకం నేను ఎన్ని కాపీలు అమ్మిన్నో నాకే తెల్వదు. ఇటుకలు మోసేటోళ్ళు అందుల ఉన్నరని కూడా తెల్వదు. దుకాణంల ఒక కాపీ తొడుగు ఇప్పి చూసిన. పద్నాలుగో పేజీల, కింద మూలకు, గోరంత బొమ్మ. ఉన్నరు. అప్పుడే గిరాకి ఒకాయన వచ్చి, తొడుగు ఎందుకు ఇప్పిన్రు సార్, దాని విలువ పోయింది కదా అని బాధపడ్డడు. ఆయనకు నేనేం చెప్పాలె?

ముత్తక్కకు నా దండాలు చెప్పు. ఆమె కుట్టిన అట్ట ఒకటి చూడాలని ఉన్నది, కానీ పంపకు, అక్కడనే ఉండనీ. మళ్ళ చెప్తున్న, రాయకు.

నీ బావ


ఇప్పలగుంపు
ఆగస్టు 27

బావా,

కోప్పడకు, ముందు చదువు. కత్తిరించిన కాగితం ఇందుల పెట్టిన. ఆదివారం పేజీల సగం నాదే. "మొఖం చింపిన పుస్తకాలు" అని శీర్షిక. ఎడిటర్ ఒక్క మాట తియ్యలె.

నీ పేరు రాయలె. "మా అక్క పెనిమిటి, ఆబిడ్స్‌ల ఇరవై మూడేండ్లుగా బొమ్మల పుస్తకాలు అమ్మే వ్యాపారి" అన్న, అంతే. నిన్ను తిట్టలె కూడా. నువ్వు మంచోనివే, మంచోడు కూడా మంచి పుస్తకం తనకు పెట్టుకొని చినిగింది అడవికి పంపుతడు, అదే ఈ వ్యవస్థ తమాషా అన్న. ఖమ్మం నుంచి, మధిర నుంచి ఫోన్లు. గుట్ట మీద రెండు గంటలు నిలబడి మాట్లాడిన.

ఫోటో బాగ వచ్చింది కదా. మూడో కట్ట అప్పుడే దిగింది, ఇంకా కుట్టలె, ఆ మొండి పుస్తకాలే పిల్లల చేతికిచ్చి నిలబెట్టిన. కుట్టినవి ఎందుకు తియ్యవు సారూ అని ముత్తక్క అలిగింది. అవి కనబడితే వ్యాసం బలం తగ్గుతదని సముదాయించిన.

రాయొద్దన్నవు. నాకు గుర్తున్నది. కానీ బావా, కళ్ళ ముందు అన్యాయం పెట్టి నోరు మూసుకోమంటే, అది నాతోని అయ్యే పనేనా?

క్రాంతి


హైదరాబాద్
సెప్టెంబర్ 8

శ్రీ క్రాంతికుమార్ గారికి,

మీ ఫోన్లు తొమ్మిది వచ్చినయి. ఎత్తలేదు. ఎత్తితే మీరే మాట్లాడుతరు.

మీరు, గీరు అని ఎంతసేపు రాయను, నాతోని గాదు. నువ్వు విను.

మా వ్యాపారంల ఒక పద్ధతి ఉన్నది. అమ్ముడుపోని పుస్తకాన్ని కంపెనీకి మొత్తంగ వాపసు పంపం, కిరాయి దండుగ. అట్ట ఒక్కటే చింపి పంపుతం. ఆ అట్టే సాక్ష్యం. మిగిలిన పుస్తకాన్ని మిషన్ల వేసి ముక్కలు చేయాలె, చేసిన అని సంతకం పెట్టాలె. ఊరికె కూడా ఎవరికీ ఇయ్యొద్దు. ఇస్తే ఏజెన్సీ పోతది. నేను మూడుసార్లు సంతకం పెట్టిన. మూడు కట్టలు నీకు పంపిన.

ఆ అట్టలు చింపింది నేను, మీ అక్క. ఆదివారం చర్చి నుంచి వచ్చినంక, లోపలి పేజీ చిరగొద్దని స్కేలు ఆనించి మెల్లగ చింపినం. తీరిగ్గ కూర్చొని మొఖాలు పీకిన్రని రాసినవే, అది మహిమ.

నువ్వు దానం అన్నవు. అది దానం కాదు, దొంగతనం. దానం చేసే తాహతు లేక దొంగతనం చేసిన. నీకు చెప్పనీకి సిగ్గనిపించింది.

కంపెనీ మనిషి రాందాస్ సత్తుపల్లి దిక్కు ఆయన, ఆ దిక్కు పేపర్ చదువుతడు. పన్నెండేండ్ల పరిచయం, వచ్చినప్పుడల్లా చాయ్ తాగి పోతడు. మొన్న చాయ్ వద్దన్నడు. నీ వ్యాసం కౌంటర్ మీద పరిచి, "ప్రభన్నా, ఇది నువ్వేనా?" అని అడిగిండు. ఆబిడ్స్‌ల ఇరవై మూడేండ్ల కామిక్స్ దుకాణం ఇంకోటి ఎక్కడున్నది, నేను కాదనేందుకు? అవ్ అన్న.

కంపెనీ మాట ఇది. అక్టోబర్ పదిహేను లోపల ఆ పుస్తకాలన్నీ తెప్పించి రాందాస్ ముందర మిషన్ల వేయాలె. వేస్తే ఏజెన్సీ ఉంటది. లేకుంటే పుస్తకాలు ఆగిపోతయి. నా దుకాణంల ముప్పై అరలు ఆ కంపెనీవే. మిగిలినోళ్ళందరివి కలిపి మూడు. ఏజెన్సీ పోతే షటర్ దించుడే.

మహిమ నీ మీద ఒక్క మాట అనలె. అదే నాకు భయం.

నీ ఫోటో మళ్ళ మళ్ళ చూసిన. కుట్టిన అట్టలు దాచిపెట్టి మొండి పుస్తకాలు పట్టుకోమన్నవని నువ్వే రాసినవు. అట్టలు చింపుడు నాకొక్కనికే వచ్చనుకున్న.

తెచ్చియ్యమని నేను చెప్పను. ఉంచుకొమ్మని చెప్పే ధైర్యం కూడా లేదు. వాళ్ళ గురించి రాసేముందు వాళ్ళను అడగలె, నన్ను అడగలె. ఈసారన్న పోయి ముత్తక్కను అడుగు.

ప్రభు


ఇప్పలగుంపు
సెప్టెంబర్ 21

బావా,

ముందు ఒక మాట. ఆ పద్ధతి దుర్మార్గమైనది. నువ్వు దాన్ని దొంగతనం అనుడే వాళ్ళ గెలుపు. చదవనీకి మనిషి ఉండంగ పుస్తకాన్ని ముక్కలు చేయమనుడు, ధర పడిపోతదని పండిన టమాటను రోడ్డు మీద పారబోయించుడు, రెండూ ఒకటే. అమ్ముడుపోని సరుకు ఎవని ఆకలి తీర్చినా మార్కెట్‌కు అవమానం. ఎవరికీ పనికిరాకుంట పోతే దానికి నిమ్మళం. ఇట్ల రాసిన కానూనుకు నువ్వు తలవంచాల్సిన పని...

ఇక్కడిదాక రాసి, లేచి నీళ్ళు తాగి వచ్చిన. చదువుకుంటే ఇది కూడా వ్యాసమే. కొట్టెయ్యను, ఉండనీ. నేనెట్లాంటోన్నో నీకు తెలిసే కదా మా ఇంటి పిల్లను చేసుకున్నవు.

తప్పు నాదని, బావ ఏమీ ఇయ్యలేదని, అంతా నేను కల్పించిన్నని ఎడిటర్‌కు రాసి పంపిన. వివరణలు ఎవరూ చదవరు సార్, ఇంకో మంచి వ్యాసం ఉంటే పంపండి అన్నడు. నిన్ను కాపాడే అబద్ధానికి పేపర్ల జాగ లేదు. నిన్ను ముంచిన నిజానికి సగం పేజీ ఇచ్చిన్రు.

ముత్తక్క దగ్గరికి పోయిన. బోరింగు కాడ గిన్నెలు తోముతున్నది. అంతా చెప్పిన. పద్ధతి చెప్పిన, సంతకం చెప్పిన, గడువు చెప్పిన. తల ఎత్తకుంట విన్నది. మీ బావ దుకాణం పోతదా అని అడిగింది. పోతది అన్న. మీ అక్క మాట్లాడుతున్నదా అన్నది. లేదన్న.

"మరి మీకు ఏం పోతది సారూ?"

ఆలోచించిన. నా నౌకరి ఉన్నది. నా పేరు పెరిగింది.

"ఏం పోదు" అన్న.

ఆమె మళ్ళ గిన్నె అందుకున్నది.

తెల్లారి అన్నాలయినంక పిల్లలందరిని కూర్చోబెట్టి వాళ్ళకు కోయల చెప్పింది. నాకు సగమే అర్థమైంది. దుర్గ లేచి ఏదో గట్టిగ వాదించింది. ముత్తక్క దబ్బనం మొనతోని ఒక పుస్తకం కుట్టు ఇప్పింది. తర్వాత ఇంకొకటి. పిల్లలు కూడా దగ్గరికొచ్చి కుట్లు ఇప్పబట్టిన్రు. రెండు రోజులు పట్టింది. చదువు సగంల ఉన్నోళ్ళు జల్దీ జల్దీ చదువుకున్నరు. చదివేదాక కుట్టు ముట్టనియ్యలె.

కట్ట కట్టేటప్పుడు నేను ఆగలేక, ఇప్పిన అట్టలు కూడా వీటితోనే పంపుదాం, పట్నపోళ్ళు మీ పని చూడనీ అన్న. ముత్తక్క నా దిక్కు చూసింది. "వాళ్ళ అట్టలు వాళ్ళు తీస్కున్నరు. మా అట్టలు మేం తీస్కుంటం. నడుమ ఉన్నది ఎవరికీ వద్దంటే పోనీ సారూ" అన్నది.

మూడు కట్టలు ఇయ్యాల కార్గోల వేసిన. ఒక్కటి తక్కువ లేదు. అక్కకు ఏం చెప్పాల్నో తెలిస్తలేదు. నువ్వన్న ఏదన్న చెప్పు.

క్రాంతి


హైదరాబాద్
అక్టోబర్ 16

క్రాంతీ,

అయిపోయింది.

ముషీరాబాద్ దిక్కు తుక్కు గోదాముల మిషన్ ఉన్నది. నేను, రాందాస్ ఆటోల కట్టలు వేసుకొని పోయినం. కంపెనీకి చూపాలని ఆయన ఫోన్ల వీడియో తీసిండు. తీసుకుంట తీసుకుంట, ఈ పుస్తకాల నడుములల్ల బొక్కలేంది అన్నా అని అడిగిండు. చెప్పిన. ముత్తక్క, దబ్బనం, పోస్టర్లు, కథ చెప్తేనే బొమ్మ అన్న కానూను, అన్నీ చెప్పిన. ఆయన ఫోన్ దించలె. ఆయన కూడా నౌకరి చేసేటోడే కదా, ఏం చేస్తడు.

సగం అయినంక మిషన్ ఆగిపోయింది. మీరు ఇప్పిన దారం ముక్కలు కొన్ని నడుములల్లనే ఉండిపోయినయంట, పండ్లకు చుట్టుకున్నయి. మిషన్ నడిపేటాయన తిట్టుకుంట, పట్టకారు పెట్టి ఎర్ర దారం ఒక్కొక్క పోగు గుంజిండు. మళ్ళ నడిచింది. గంటల మొత్తం అయిపోయినయి.

ఏజెన్సీ ఉన్నది. కొత్త పుస్తకాలు మొన్ననే దిగినయి. ఇగ నుంచి నెలనెలా అట్టలు చింపుడు, మిగిలింది మిషన్ల వేసుడు, నిజమైన సంతకం పెట్టుడు. నేను నీతిమంతున్నయిన.

మహిమ అట్టలు చింపనన్నది. ఆదివారాలు ఇప్పుడు నేనొక్కన్నే చింపుతున్న. స్కేలు పెడతలేను, అవసరం లేదు కదా. నీ ఉత్తరం ఆమెకు ఇచ్చిన. చదివింది. "ఆ ముత్తక్క మంచి మనిషి" అన్నది. నీ గురించి అడిగిన. పొయ్యి మీద పాలున్నయని లోపలికి పోయింది.

కట్టలు పంపలేను. నెలకొక పుస్తకం పంపుత. కొన్నది. నా దుకాణంల నేనే గిరాకినై, కౌంటర్‌కు ఇవతల నిలబడి కొన్న. అట్ట ఉన్నది, తొడుగు ఉన్నది, రసీదు లోపల పెట్టిన. దీని గురించి ఎంతన్న రాసుకో.

ప్రభు


ఇప్పలగుంపు
నవంబర్ 12

బావా,

పుస్తకం అందింది. ముప్పై ఒక్క మంది, ఒక్క పుస్తకం. నేనేం వ్యాఖ్యానించను.

అట్టలు బడి గదిల తాడు కట్టి వేలాడదీసిన్రు. కొత్తగ వచ్చిన చిన్న తరగతి పిల్లలకు పెద్దోళ్ళు ఆ అట్టలు చూపుకుంటనే కథలు చెప్తున్నరు. నాకు ఎవ్వరూ చెప్తలేరు. నేను గదిల అడుగుపెడితే కథ ఆగుతది, లేచి గుడ్ మార్నింగ్ సార్ అంటరు.

నీ పుస్తకం తొడుగు ముత్తక్క కత్తిపీట మీద కోసింది. అట్ట చూడనీకి పిల్లలు మీద మీద పడ్డరు. నిజం చెప్పాలంటే ఎంత రంగు, ఎంత మెరుపు. పిడికిలి బిగించి ఒకాయన మన మీదికే వస్తున్నడు. కొందరికి చాన నచ్చింది. దుర్గ మాత్రం, ఈ బొమ్మ గీసినాయన ముందు కథ ఎవరికి చెప్పిండు సార్ అని అడిగింది. ఎవరికీ చెప్పి ఉండడు అన్న. మరి ఎట్ల గీయనిచ్చిన్రు అన్నది.

పుస్తకం ముందు పెద్దోళ్ళు చదివిన్రు, వరుసగ, నాలుగు రోజులు. ఐదో రోజు ముత్తక్క దాన్ని ఒళ్ళె పెట్టుకొని, నడుముల పిన్నులు రెండూ గోరుతోని లేపి, అట్ట ఊడదీసింది. అంచు కూడా నలగలె. దుమ్ము తుడిచి నా చేతికిచ్చింది.

"మీ బావకు పంపు సారూ. మళ్ళ అడుగుతరు."

ఇది కొన్న పుస్తకం ముత్తక్కా, రసీదు కూడా ఉన్నది, దీనికి అట్ట వాపసు పంపే పని లేదు, ఎవ్వరూ అడగరు అన్న. ముప్పై ఏండ్ల సంది ఉపన్యాసాలు ఇస్తున్నోన్ని బావా, ఇంత వివరంగ ఎప్పుడూ చెప్పలె. ఆమె పోస్టర్ మడిచి కొత్త అట్ట కుట్టుకుంటనే విన్నది.

"అడగరని మీరు చెప్తున్నరా?" అన్నది.

అట్ట ఈ ఉత్తరంతోనే పంపుతున్న. మడత పడొద్దని రెండు వైపులా అట్టముక్క పెట్టిన.

క్రాంతి